లెక్కల సారుకు నేనిచ్చిన హోంవర్క్

ఆ రోజుల్లో మా మూసాపేట అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు కలిసినా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగేవారు. టెన్త్ అనగానే జాలిగా చూసి తమ ఫ్లోర్‌లో దిగిపోయేవారు. ఆ చూపు నాకు బొత్తిగా నచ్చేది కాదు. అందుకే ఒకరోజు నోట్‌బుక్కులు మోసుకుంటూ స్టాఫ్‌రూమ్‌కు వెళ్లినప్పుడు, లెక్కల సారు టిఫిన్ డబ్బా కింద దూరవిద్య కరపత్రం కనబడగానే నా దశ తిరిగిందనుకున్నాను. ఒక యూనివర్సిటీ వారి స్టాటిస్టిక్స్ కోర్సు, ఏ వయసువారైనా చేరవచ్చట. (అది సారు డబ్బా కింద ఎందుకుందని ఆలోచించే తెలివి మాత్రం లేకపోయింది. కూర కారకుండా వేసుకున్నారనుకున్నాను.) హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా నాన్న చేర్పించారు గానీ, ఒక షరతు పెట్టారు. "స్కూలు నుంచి ఒక్క కంప్లయింట్ వచ్చిందా, ఆ రోజుతో ఈ కోర్సు బంద్."

కోర్సులో చేరినవాళ్లను ఫోన్‌లో చిన్న చిన్న గ్రూపులు చేశారు. పేర్లకు బదులు ఇనీషియల్స్, ముఖాలకు బదులు పువ్వుల ఫొటోలు. మిగతావాళ్లంతా ఉద్యోగస్తులు. నా వయసు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరి సందేహాలు తీర్చేసరికి "మేడమ్"నైపోయాను. ఆ మాట వింటే లిఫ్టులో పడ్డ అవమానాలన్నీ తీరిపోయినట్టుండేది. మందారప్పువ్వు ఫొటో పెట్టుకున్న ఒకాయన రోజూ అడిగేవాడు: "మేడమ్, మూడో యూనిట్ జర సమజ్ కాలే." రెండుసార్లు ఓపిగ్గా చెప్పి, మూడోసారి మా లెక్కల సారు క్లాసులో మమ్మల్ని గదమాయించే పద్ధతినే ఎత్తుకున్నాను (గదమాయించడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే). "పాఠం మీద ధ్యాస ఉండాలి. ఆ లెక్క పదిసార్లు రాయండి, అదే వస్తుంది." మర్నాడు వినయంగా జవాబొచ్చింది: "రాసిన మేడమ్, పదిసార్లు."

ఊళ్లోవాళ్లకు హోంవర్క్ ఇచ్చే హడావిడిలో నా హోంవర్క్ చేయడం మరిచిపోయాను. శుక్రవారం లెక్కల సారు నన్ను నిలబెట్టారు. "మూడు దినాల సంది హోంవర్క్ లేదు. సోమవారం మీ నాయినను తోల్కరా." కోర్సు పోతే "మేడమ్" పోతుంది, మళ్లీ ఉత్త టెన్త్ అమ్మాయినే. నాన్నకు చెప్పే ధైర్యం చాలలేదు. ఆదివారం మాదాపూర్‌లో అందరూ ముఖాముఖి కలిసే క్లాసు ఉంటే, కనీసం అదొక్కటైనా దక్కించుకుందామని నాన్న స్కూటర్ ఎక్కాను.

ఆయన కింద బండి పెట్టి వచ్చేలోగా నేను లోపలికి వెళ్లాను. మొదటి వరసలో, ఎన్నడూ చూడని జీన్స్ ప్యాంటులో, మా లెక్కల సారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు.

"సోమవారం గదా రమ్మన్న? గిక్కడిదాంక ఎందుకొచ్చినవ్?"

ఇంతలో నిర్వాహకురాలు మా గ్రూపు హాజరు పిలిచింది. నా ఇనీషియల్స్‌కు నేను చెయ్యెత్తాను. సారు నోరు తెరిచి నన్నే చూస్తున్నారు. తర్వాత మందారప్పువ్వు ఇనీషియల్స్ పిలిచింది. సారు చెయ్యి మెల్లగా పైకి లేచింది. పదిసార్లు, అనుకున్నాను. సారు చేత పదిసార్లు రాయించాను.

సరిగ్గా అప్పుడే నాన్న హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చారు. ముందువైపు నిలబడి ఉన్న పెద్దమనిషి సారొక్కరే కాబట్టి ఆయన్నే యూనివర్సిటీ లెక్చరర్ అనుకున్నారు. "నమస్కారమండీ. మా అమ్మాయి ఎలా చదువుతోందండీ?"

సారు నా వంక చూశారు. ఆ కాస్తలోనే నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

"మంచిగ చదువుతది సార్. ఫికర్ చెయ్యకున్రి. మాకే చెప్తది."

నాన్న పొంగిపోయి వెళ్లిపోయారు. నేను కుర్చీలో కూలబడి, కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

సోమవారం వరండాలో సారు ఆపారు. "స్కూల్ల కొత్త సబ్జెక్టు పెడుతున్రు. ఈ కోర్సు పాస్ కాకుంటే నా క్లాసులు వేరేటోళ్లకు పోతయ్. ఎవ్వరికి చెప్పకు. హోంవర్క్ తెస్తవా?"

"తెస్తాను సార్."

"మూడో యూనిట్ చెప్తవా?"

"చెప్తాను సార్."

"పదిసార్లు రాస్తె చెయ్యి గంత నొస్తదని నాకు ఎరుకే లేకుండె" అంటూ వేళ్లు విరుచుకున్నారు. ఆ రోజు నుంచి మా క్లాసులో శిక్ష అయిదుసార్లకు దిగింది. కారణం తెలియక పిల్లలందరూ మురిసిపోయారు.

ఫలితాలొచ్చిన రోజు సారు క్లాసులో ఎప్పటిలాగే నన్ను "మూడో బెంచీ" అనే పిలిచారు. సాయంత్రం గ్రూపులో మాత్రం మందారప్పువ్వు పక్కన ఒక్క మాట కనిపించింది: "పాసైన మేడమ్."

ఇప్పుడు నేనూ హైటెక్ సిటీలోనే ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసు ఏటా ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు అంటగడుతుంది, నా బుర్ర ఏటా మూడో యూనిట్ దగ్గరే మొరాయిస్తుంది. గ్రూపులో ఇనీషియల్స్ మాత్రమే ఉన్న ఎవరినో "అర్థం కాలేదండీ" అని బతిమాలుకుంటాను. వాళ్లది ఏ క్లాసో అడగను. మొన్న "ధ్యాస పెట్టి పదిసార్లు రాయండి" అని జవాబొచ్చింది. నవ్వుకుంటూ కూర్చుని అయిదుసార్లు రాశాను.