లతీఫా బేగం చెప్పిన అబద్ధం

తొర్రూరులో లతీఫా బేగం వంటకు వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఈపాటికి ఆమె గంటె దెబ్బ తిని ఉండేవాడు. పెళ్లిళ్లు, తొట్టెల పండుగలు, ఇంటి దావత్‌లు, చివరికి ఊరి బయట చర్చి పిల్లలు ఏటా ఆటపాటలతో చేసుకునే యూత్ సోషల్ విందు దాకా, పెద్ద పొయ్యి వెలిగించాలంటే ఆమెకే కబురు వెళ్తుంది. ఆ గంటె మొదట ఆమెది కాదు, మొగుడు అబ్దుల్ బారీది. దేవరుప్పుల నుంచి కాపురానికి వచ్చి, ఇరవై ఏళ్లు అతని వెనక కూర్చుని ఉల్లిగడ్డలు తరిగింది. అతను పక్షవాతం వచ్చి మంచం పట్టాక తనే గంటె అందుకుంది. డేగిషా అనే ఆ పెద్ద వంటపాత్రకు ఆడమనిషి చేయి తగిలితే బరకత్, అదే చలువ, పోతుందని గడ్డాలు నిమిరిన పెద్దమనుషులే ఆమె వండిన బగార అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు లెండి, పెద్దమనుషులు కదా.

ఇంత గట్టి మనిషికి ఏడాదిగా దమ్ము అంటే భయం పట్టుకుంది.

అన్నం ముప్పాతిక వంతు ఉడికాక మూత పెట్టి, అంచు చుట్టూ పిండి అతికిస్తారు. పొయ్యిలోంచి కట్టెలు లాగేసి, నిప్పులు మూత మీద పోస్తారు. అదే దమ్ము. ఆ తరువాత అరగంట సేపు వంటామెకు చేయడానికి ఏమీ ఉండదు. సరిగ్గా ఆ అరగంటలోనే ఆమెకు వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. "చిన్నమ్మా, ఒక్క పాట." తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ గొంతు లతది. లత పోయి ఏడాది కావస్తోంది.

లత, లతీఫా వాళ్ల గల్లీలోనే ఉండే అండాలు కూతురు. పంతొమ్మిదేళ్ల పిల్ల, డిగ్రీ చదువుతుండేది, వరసకు పెద్దమ్మే అయినా లతీఫాను చిన్నప్పటి నుంచీ చిన్నమ్మా అనే పిలిచేది. ఆ చర్చి యూత్‌ను నడిపించే యమున అనే తండా అమ్మాయి లత క్లాసులోదే. "సోషల్‌కు రా, అందరం ఆడుదాం" అని యమున పిలిస్తే లత నెల రోజులు తల్లి ప్రాణం తీసింది. హిందువుల పిల్ల చర్చిలో పోయి ఆడడమేంటని అండాలుకు జంకు. చివరికి ఒక దారి దొరికింది. ఆ రోజు అక్కడ వంట లతీఫాదే. "నీతోని తోల్కపో అక్కా, సాయం చేసినట్టుంటది, పాటలు చూసినట్టుంటది" అంది అండాలు. "నా కొంగు ఇడ్వది, సరేనా" అని లతీఫా మాటిచ్చింది.

ఆ మాటే కొంప ముంచింది. సాయంత్రం చర్చి ముందు వాకిట్లో పాటలు మొదలయ్యాయి. చర్చిలో డ్యాన్సు ఏంటని పెద్దలు అంతకుముందే తగువు పడి, ఆడపిల్లలు ఒక వరుస, మగపిల్లలు ఒక వరుస అని తేల్చుకుని ఉన్నారు. వెనక పొయ్యి దగ్గర లత నిలబడలేకపోతోంది. పోనా చిన్నమ్మా అని అడిగితే ఉల్లిగడ్డలు కానీ అంది లతీఫా. ఉల్లిగడ్డలయ్యాక అడిగితే దమ్ము పెట్టనీ అంది. దమ్ము పెట్టాక మళ్లీ అడిగింది, ఈసారి చాలా చిన్నగా. "చిన్నమ్మా, ఒక్క పాట."

"నిప్పులు ఎవలు చూడాలె? కూసో" అంది లతీఫా.

నిప్పులు చూడడానికి ఇద్దరెందుకు? ఒక్కరు కూడా అక్కర్లేదు. ఆ సంగతి లతీఫాకు తెలిసినంతగా జిల్లాలో ఎవరికీ తెలియదు. అయినా పిల్ల పోయి మగపిల్లల ఎదుట ఆడితే, రేపు గల్లీలో ఎవరైనా ఏమైనా అంటే, అండాలు మొహం ఎలా చూడాలి అనుకుంది. లత మారుమాట్లాడకుండా కూర్చుంది. పాటలు అయిపోయేదాకా అలాగే కూర్చుంది.

పది రోజులకు జ్వరం. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. హన్మకొండ దవాఖానకు తీసుకుపోయారు. నాలుగో రోజున శవాన్ని తెచ్చారు. దోమ కుట్టి వచ్చిన చావు అది, లతీఫా చేతిలో ఏమీ లేదు. కానీ ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన అండాలు తన ఇంటి వాకిట్లోనే లతీఫా చేయి పట్టుకుని అడిగింది.

"అక్కా, ఆ దినం నా బిడ్డ ఆడిందా?"

చుట్టూ ఆడవాళ్లున్నారు. పిల్ల ఇంకా పాడె మీదికి కూడా ఎక్కలేదు. లతీఫా నోట్లోంచి "ఆడింది" అనే మాట దానంతటదే వచ్చింది. "మస్తు ఆడింది అండాలు. నవ్వుకుంట ఆడింది" అని కూడా కలిపింది. అబద్ధం అతికినట్టు ఉండాలంటారు కదా, అలా అతికింది. ఆ తరువాత అండాలు అదే మాట ఊరంతా చెప్పుకుంది. నల్లా దగ్గర చెప్పింది, రేషన్ దుకాణం వరుసలో చెప్పింది. నా బిడ్డ పోయేముందు మనసు తీర ఆడుకుంది అని ఆమె అన్నప్పుడల్లా లతీఫా గుండెలో చేయి పెట్టి కెలికినట్టయ్యేది.

దమ్ము వేళ వినిపించే ఆ గొంతు పోవడానికి లతీఫా చేయని పని లేదు. దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకుంది. దమ్ము పెట్టిన ప్రతిసారీ తెలిసిన దువాలన్నీ చదివింది. మానుకోటలో ఒక పెళ్లికి వండుతూ, వెనక్కి తిరగకుండానే "పో బిడ్డా, పోయి ఆడుకో" అని పైకే అనేసింది. డేగిషాతో మాట్లాడుతోందని పనివాళ్లు నవ్వుకున్నారు. ఎంత పొమ్మన్నా ఆ పిల్ల పోదు. బతికున్నప్పుడు కూర్చోమంటే కూర్చుంది, ఇక లేవడం లేదు.

ఈ ఏడు మళ్లీ సోషల్ వచ్చింది. వంట ఒప్పుకోనందామని లతీఫా అనుకుంటుండగానే అండాలు ఇంటికి వచ్చింది. "ఈసారి నేనొస్త అక్కా. ఉల్లిగడ్డలు కోస్త. నా బిడ్డ ఆడిన జాగ నాకు చూపియ్యి."

ఆ రాత్రే లతీఫా తీర్మానించుకుంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పేస్తాను, ఆమె కొట్టినా తిట్టినా పడతాను, ఈ గొంతు మాత్రం ఇక నాకొద్దు అనుకుంది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ చర్చి వెనక్కి చేరారు. నూట యాభై మందికి వంట. యమున వచ్చి "పెద్దమ్మా, కూరల కారం జర తక్కువెయ్యి, నిరుడు మా చిన్నపోరగాళ్లు ఏడ్చిన్రు" అంది. అండాలును చూసి చేతులు గట్టిగా పట్టుకుని, వదిలి వెళ్లిపోయింది. అండాలు దించిన తల ఎత్తకుండా ఉల్లిగడ్డలు కోసింది. లతీఫా నూనెలో షాజీర, దాల్చిన పట్టా వేసింది, అల్లం ఎల్లిగడ్డ వేయించింది, ఎసరు పోసింది, పక్క పొయ్యి మీది కోడికూర దించింది. ప్రతి పనీ నిదానంగా చేసింది. ముప్పై ఏళ్లలో ఆమె చేయి అంత నిదానంగా ఎప్పుడూ కదల్లేదు. అయినా పొద్దు ఆగదు, ఎసరు ఆగదు. పొద్దు వాలేసరికి మూత పెట్టి, పిండి అతికించి, నిప్పులు పోయక తప్పలేదు.

ముందు వాకిట్లో పాట అందుకున్నారు. వెనక నుంచి ఆ గొంతు రానే వచ్చింది.

"చిన్నమ్మా, ఒక్క పాట."

అండాలు చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంటోంది. "దా అక్కా, జాగ చూపియ్యి."

"కూసో అండాలు. నీకొక మాట చెప్పాలె." లతీఫా నిప్పుల వైపే చూస్తూ చెప్పింది. "నీ బిడ్డ ఆడలేదు. మూడుమాట్ల అడిగింది. నేనే పోనియ్యలే. గీడనే, నా పక్కపొంటి కూసోవెట్టిన. నీకు అబద్ధం చెప్పిన. నన్ను ఏమన్న అను."

అండాలు నేల మీద కూలబడింది.

"నాకెరుకే అక్కా" అంది.

లతీఫా తలెత్తింది.

"ఆ దినం ఇంటికొచ్చి బువ్వ తినకుంట పండింది. చిన్నమ్మ పోనియ్యలేదని ఏడ్చింది. సావు కాడ నిన్ను ఊకెనే అడగలే. నువ్వు ఆడలేదంటె నీ జుట్టువట్టి గుంజుదామనే అడిగిన. నువ్వు ఆడిందంటివి. నవ్వుకుంట ఆడిందంటివి. ఇగ నేనేమంటనే? అబద్ధమని తెలుసు, తెలిసే పట్టుకున్న. ఏడాది సంది కండ్లు మూసినా తెరిచినా నా బిడ్డ ఆడుకుంటనే కనవడ్డది. ఏడ్చుకుంట పండింది యాదికి రాలే." అండాలు గొంతు ఎక్కడా పెరగలేదు. "నీ బరువు నువ్వు దించుకున్నవ్. నా బిడ్డను ఇయ్యాల మల్లొకసారి కూసోవెట్టినవ్ గదనే."

చెబితే పోతుందనుకుంది లతీఫా. అది ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు. ఎదుట కూర్చున్న తల్లి మొహంలోకి పోయింది. ఏడాదిగా ఆ బరువు తనొక్కతే మోస్తున్నానని కుమిలిన లతీఫాకు, ఇప్పుడు దాన్ని మళ్లీ తన మీదికి లాక్కోవాలనిపించింది. ఎలా లాక్కోవాలో తెలియలేదు.

ఆమె లేచింది. దమ్ము మీదున్న డేగిషాను వదిలి, అండాలు రెక్క పట్టుకుని లేపి, గోడ మలుపు దాకా నడిపించింది. వాకిట్లో పిల్లలు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. లతీఫా చేయి చాపింది.

"గాడ ఆడింది. యమున పక్కకు."

అండాలు అటు చూడలేదు, లతీఫా మొహం చూసింది. ఆ మొహంలో ఏం వెతికిందో, నీళ్లు నిండిన కళ్లతో అడిగింది.

"ఎట్ల ఆడింది? చూపియ్యి."

యాభై ఎనిమిదేళ్లలో లతీఫా బేగం ఏ పెళ్లిలోనూ కాలు కదపలేదు. మసి అంటిన చేతులు పైకెత్తింది, రెండు చప్పట్లు కొట్టింది, మోకాళ్లు నొస్తుంటే ఒక చుట్టు తిరిగింది. తాళం తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అండాలు గోడకు ఆనుకుని రెప్ప వేయకుండా చూస్తోంది.

"నవ్వుకుంట అన్నవ్ గదనే" అంది.

లతీఫా నవ్వుతూ ఆడింది.