పిన్నిని ‘మీరు’ అన్న రోజు

కొండమీద సందర్శకుల కేంద్రం కట్టే పని పట్నంలో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసుకు వచ్చింది. అక్కడి పాత ఇళ్ల పోలికలోనే ఉండాలన్నారు. రాతి గోడలు, పలకరాళ్ల కప్పు, కింద పశువుల కొట్టం, ఆ వెచ్చదనం తగిలేలా పైన మనుషుల గది. ఆఫీసు పెద్దాయన ఆ డిజైను తన దగ్గర పనిచేసే ఒకమ్మాయికి అప్పగించాడు. అలాంటి ఇంట్లోనే ఆమె పెరిగిందని ఆయనకు తెలియదు.

తల్లి పోయాక ఆమెను పెంచింది పిన్ని. పట్నం హాస్టల్లో చేరిన కొత్తలో పక్క మంచం పిల్ల ఆమె దుప్పటి వాసన చూసి, "గొడ్లతో పడుకుంటావా ఏంటి?" అంది. గదంతా ఒకటే నవ్వు. అప్పటినుంచీ ఎవరడిగినా "మాది పట్నమే" అనడం ఆమెకు అలవాటైపోయింది. సెలవుల్లో మాత్రం ఒక్కతే వెళ్లి పిన్నిని చూసి వచ్చేది.

పాత ఇళ్లు చూడ్డానికి అందరూ జీపులో బయలుదేరారు. వేరే ఊరికి తీసుకెళ్దామని ఆమె ఎంత చూసినా, అటు దారి కొట్టుకుపోయిందని డ్రైవరు జీపును ఆమె ఊరివైపే తిప్పాడు. ఈ వేళకు పిన్ని పొలంలో ఉంటుందిలే అని గుండె చిక్కబట్టుకుంది.

పిన్ని గుమ్మంలోనే ఉంది. ఆమెను చూడగానే ముఖం విప్పారింది. ఏదో అనబోయేలోపే ఆమె ముందుకెళ్లి, "ఏమండీ, మీ ఇల్లు ఒకసారి చూడనిస్తారా?" అంది.

బుద్ధెరిగాక పిన్నిని ‘నువ్వు’ అనడమే తప్ప ‘మీరు’ అన్నది లేదు.

"చూడండమ్మా. తల జాగ్రత్త," అని పిన్ని పక్కకు తప్పుకుంది.

గుమ్మం పొట్టిది. పెద్దాయన నుదుటికి ఠక్కున తగిలింది. ఆమె అలవాటుగా వంగి లోపలికి వెళ్లిపోయింది.

"నీకు తగల్లేదే," అన్నాడాయన నుదురు రుద్దుకుంటూ.

"పొట్టిదాన్ని కదా సార్."

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఆమె టేపు తీసి, తను చిన్నప్పుడు పడుకున్న మూలనే కొలవడం మొదలుపెట్టింది. పిన్ని అందరికీ మంచినీళ్లిచ్చింది. ఆమెకు గ్లాసు అందిస్తూ, "తీసుకోండి," అంది.

డిజైను బాగా వచ్చింది. "ఆ ఇంటి ప్రాణం పట్టుకున్నావమ్మా," అని మెచ్చుకున్నాడు పెద్దాయన. ఆ మాట మింగుడుపడలేదు. చివరికి ఉండబట్టలేక చెప్పేసింది. "ఆ ఇల్లు మాదే సార్. ఆవిడ మా పిన్ని."

ఆయన ఆశ్చర్యపోయాడు. "మరి అప్పుడే చెప్పొద్దూ? కాసేపు కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం."

అంతే. ఇన్నేళ్లూ ఏ మాటకు భయపడి దాచిందో ఆ మాట ఆయన నోట రాలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే ఊరెళ్లింది. పిన్ని కొట్టం ఊడుస్తోంది.

"ఆ రోజు నేను నోరు జారలేదు కదే?" అని పిన్నే ముందు అడిగింది. "మీ ఆఫీసులో ఏదో రూలు ఉండుంటుంది, నావల్ల నీ ఉద్యోగానికి మాటొస్తుందేమోనని హడలిపోయాను."

అవునంటే సరిపోయేది. కానీ అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు.

"రూలూ లేదు, ఏమీ లేదు పిన్నీ. సిగ్గుపడ్డాను."

చీపురు ఆగింది. "ఇల్లు చూసా, నన్ను చూసా?"

ఆమె తల దించుకుంది. పిన్ని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. "కాళ్లు కడుక్కుని పైకి పో. అన్నం పెడతా," అంది.

కేంద్రం తెరిచిన రోజు ఆమె పిన్నిని దగ్గరుండి తిప్పి, కనిపించినవాళ్లందరికీ "మా పిన్ని" అని చెప్పింది. పిన్ని సంతోషించింది. ఇప్పటికీ మాటామంచీ మునుపటిలాగే ఉన్నాయి. నలుగురిలో ఎదురుపడితే మాత్రం పిన్ని ముందు పలకరించదు. ఆమె పిలిచేదాకా ఆగుతుంది.