కటింగ్ షాపు కుర్చీ, స్కానింగ్ డాక్టర్ భుజం

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి స్కానింగ్ సెంటర్‌లో డాక్టర్ నుస్రత్ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. తుర్కయాంజాల్ నుంచి, కొంగరకలాన్ నుంచి కూడా జనం వస్తారు. రోజుకు యాభై అరవై మంది. ప్రతి ఒక్కరికీ జెల్ రాసి, చేతిలోని పరికరాన్ని నొక్కిపట్టి, మెడ పక్కకు తిప్పి తెర చూడాలి. అంతసేపూ కుడి చెయ్యి గాలిలో చాచి ఉండాల్సిందే.

రెండేళ్లుగా ఆ భుజం పీకుతోంది. రోగులకు ధైర్యం చెప్పే మనిషి తన నొప్పి చెప్పుకోవడానికి సిగ్గుపడింది. ఒక సోమవారం పొద్దున మాత్రం స్కాన్ మధ్యలో చెయ్యి తిమ్మిరెక్కి, పరికరం జారిపోబోయింది.

అప్పుడు బల్ల మీద పడుకుని ఉన్నది భిక్షం. ఎదురు వీధిలో కటింగ్ షాపు ఆయనది. నడుము నొప్పని వచ్చాడు.

"భుజం గుంజుతుందా డాక్టరమ్మా?"

"ఏం లేదు. ఊపిరి బిగవట్టు."

"బిగవడ్త గని, కటింగ్ చేసి చేసి నాక్కూడా గిట్లనే ఉండె. నేను గా అంచుకు పండుకుంటి, నువ్వు గింత దూరం కూసుంటివి. నన్ను జర దగ్గరికి జరగమనరాదు?"

ఆమె చెప్పకముందే ఆయన ఇటు అంచుకు జరిగాడు. నుస్రత్ మోచెయ్యి ఒంటికి ఆనింది. భుజం కిందికి దిగింది. అదే చెయ్యి, అదే పరికరం, బరువు మాత్రం సగమైనట్టుంది! పదకొండేళ్లు ఈ మాట తనకెందుకు తోచలేదు?

"కిడ్నీల చిన్న రాయి ఉంది అన్నా. నీళ్లు మస్తుగ తాగు," అంది నవ్వు ఆపుకోలేక.

"రాయుంటే నవ్వుతున్నవేంది?" అంటూ భిక్షం లేచి ఆమె స్టూలు చూశాడు. "గిదైతే మరీ పొట్టిగున్నది. ఉండు, ఇప్పుడే వస్త."

గంటలో ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో ఆయన షాపులోని పాత కుర్చీ, కాలితో తొక్కితే పైకి లేచేది. పేర్లు రాసుకునే సింధు పరుగున వచ్చింది.

"మేడం, ఇక్కడ కటింగ్ గూడ చేస్తరా?"

బెంచీల మీది జనమంతా నవ్వారు. బల్లకు అడ్డం రాకుండా భిక్షం కుర్చీ చేతులు ఊడదీశాడు. నుస్రత్ ఎక్కి కూర్చుంది. ఆయన తొక్కుతుంటే కుర్చీ కిర్రుమంటూ లేచింది.

"ఇంకొంచెం! ఇంకొంచెం! ఆగు, గట్లనే!" నుస్రత్ చిన్నపిల్లలా అరిచింది. సింధు తువ్వాలు చుట్టి ఆమె మోచేతి కింద పెట్టింది, తెరను కళ్లకు సూటిగా తిప్పింది.

నొప్పి ఆ ఒక్క రోజులో పోలేదు. వ్యాయామాలు నేర్చుకుంది. పదిమందిని చూశాక లేచి నాలుగడుగులు నడిచేది. రెండో నెలలో ఒకరోజు లేచాక గుర్తొచ్చింది, రాత్రంతా నొప్పి లేకుండా కుడివైపే తిరిగి పడుకుందని. వెంటనే ఎల్బీనగర్‌లో తనలాగే స్కానింగ్ చేసే డాక్టర్ సలాహుద్దీన్‌కు ఫోన్ చేసి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది.

"నాకు మెడ పట్టేసింది నుస్రత్. నా దోస్తుకు మణికట్టు," అన్నాడతను.

"అయితే అందర్నీ పిలుద్దాం!"

ఆదివారం సాయంత్రం తుర్కయాంజాల్‌లో ఒక హాలులో పద్నాలుగు మంది స్కానింగ్ డాక్టర్లు చేరారు. "నొప్పులున్నోళ్లు చెయ్యెత్తండి," అంది నుస్రత్. పదమూడు చేతులు లేచాయి.

"ఎత్తాలనే ఉంది, భుజం లేస్తలేదు," అన్నాడు పద్నాలుగో ఆయన. హాలు గొల్లుమంది.

నుస్రత్ భిక్షాన్ని ముందుకు తీసుకొచ్చింది. ఇస్త్రీ చొక్కాలో ఆయనకు చెమటలు పట్టాయి.

"నాకు పెద్ద మాటలు రావు సార్లూ. ముప్పై ఏండ్లు నిలవడి చేసిన పని, గంతే," అని సలాహుద్దీన్‌ను కూర్చోబెట్టి భుజం తట్టాడు. "ఇది దించు సార్. మోచెయ్యి ఒంటికి పెట్టు. హాఁ, గట్ల!"

మిగతావాళ్లు కుర్చీల్లోంచి లేచి చుట్టూ మూగారు. నన్ను చూడు, నన్ను చూడు అంటూ ఒకరినొకరు నెట్టుకున్నారు. సమోసాలు చల్లారిపోయినా ఎవరూ కదల్లేదు.

"భిక్షం అన్నా, రేపు మా సెంటర్‌కు వస్తవా?" అడిగాడు సలాహుద్దీన్.

"రేపు కాదు సార్, గిరాకీ ఉంటది. మంగళవారం షాపు బంద్. పొద్దుగాల్నే వస్త."