కంచం మోత

పక్షవాతంతో బాబాయికి మాట పడిపోయింది, నమలడమూ పోయింది. అప్పట్నుంచి మా పిన్ని బతుకంతా ఆ ఫుడ్ ప్రాసెసర్‌తోనే. ఉడికిన ముక్కల్ని గిన్నెలో సగానికే వేసి, ఆపి ఆపి తిప్పితేనే మెత్తగా వస్తుంది. పలుకు తగిలితే ఆయనకు పొలమారి ఊపిరాడదు. మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించి, ఏదైనా కావాలంటే కొట్టమని పక్కన కంచం, చెంచా పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు ఓపిక నశించింది. ఒక్క వాయిలో అయిపోతుందని గిన్నె నిండా కుక్కింది. మోటారు మూలిగి, మాడు వాసన కొట్టి ఆగిపోయింది. అది పాడైతే ఆయన నోట్లోకి ముద్ద పోయే దారి లేదు. మూత తీస్తే తిరక్కుండా ఆపే లాకు ఎప్పుడో విరిగింది. అయినా పిన్ని కంగారులో స్విచ్చి ఆపకుండానే మూత లాగేసి, బ్లేడు కింద ఇరుక్కున్న ముక్క కోసం వేళ్లు పెట్టబోయింది.

మంచం పక్కన కంచం దడదడా మోగింది.

"కాసేపు ఆగలేరా? నాకేమైనా పది చేతులున్నాయా? ఆకలి మీ ఒక్కరికేనా?"

మోత ఇంకా పెరిగింది. ఆ చెంచా లాక్కుందామని పిన్ని విసురుగా వెళ్లింది. ఆయన చూపు వంటింటి గోడకున్న ప్లగ్గు మీద ఉంది. కదిలే ఆ ఒక్క చెయ్యీ చెంచా వదిలేసి గాల్లో దేన్నో పీకుతోంది. ఒకప్పుడు ఊరందరి ఇళ్లకూ కరెంటు పని చేసిన చెయ్యి అది.

పిన్ని ప్లగ్గు పీకేసి నేల మీద కూలబడింది. ఆకలేస్తోందని ఆయన ఏనాడూ కంచం కొట్టలేదని అప్పుడు తట్టింది ఆమెకు.