ఆల్బీ లైఫ్ బెల్టు

ఇంగ్లండు రేవు ఊరు సౌత్ షీల్డ్స్‌లో మా వీధి నుంచి పెట్రోలు మోసే ట్యాంకర్ ఓడలెక్కినవాళ్లలో నెడ్ హెసిల్టన్ అంత నోటి దురుసు మనిషి లేడు. అతనిది పంపుల పని, అదే ఓడలో నాది వంట. నా రొట్టె కొరికి, "దీన్ని జర్మనోళ్ల మీదకి విసురు, జలాంతర్గామి మునిగిపోద్ది" అనేవాడు.

1942 శీతాకాలంలో ఇరవై రెండేళ్ల తమ్ముణ్ణి, ఆల్బీని కూడా ఓడెక్కించాడు. వాడు నోట్లో నాలుక లేనివాడు. వాళ్లమ్మ హన్నా భర్తను అంతకుముందే సముద్రం మింగింది. ఆమె గుమ్మంలో ఇద్దరినీ ఆపింది.

"ఏం జరిగినా లైఫ్ బెల్టు విప్పకూడదు. మాటివ్వండి."

ఇచ్చారు. పెట్రోలు ఓడ అంటుకుంటే గాలి వచ్చే వైపు దూకి, నీళ్ల మీద పరుచుకున్న మంట కింద నుంచి ఈదాలి. బెల్టుంటే మనిషి మునగలేడు. అది ఆమెకు చెప్పడానికి నెడ్‌కు నోరు రాలేదు. ఓడలో ఆల్బీకి చెప్పాడు.

"అమ్మకి నువ్వు చెప్పు, అప్పుడు విప్పుతా" అన్నాడు వాడు.

తొమ్మిదో రోజు పొద్దున జావ కలుపుతున్నాను. మొదటి టార్పెడోకు మరిగే జావంతా నా చేతుల మీద పడింది. రెండోది నడిమి ట్యాంకులను చీల్చింది. చుక్కాని పట్టిన మనిషి నిలువునా మండుతూ రెండడుగులు వేసి కూలాడు. మేం తప్పించుకోవాల్సిన పడవలు తాళ్ల మీదే తగలబడ్డాయి.

నెడ్ తమ్ముణ్ణి రెయిలింగు దాకా ఈడ్చుకొచ్చాడు.

"విప్పరా."

"మాటిచ్చాం కదన్నా."

"చస్తావురా వెధవా." నెడ్ ముడి మీద చెయ్యి వేశాడు. ఆల్బీ మోచేత్తో అతని మూతి పగలగొట్టి, దూకేశాడు.

నెడ్, నేను బెల్టులు విప్పి దూకాం. తేలిన ప్రతిసారీ చేతులతో మంటను పక్కకు నెట్టి, గుక్కెడు గాలి పీల్చి మునిగాం. మూడోసారి ఆల్బీ కనిపించాడు. బెల్టు వాణ్ణి మంటల మధ్య నిటారుగా నిలబెట్టింది. జుట్టు లేదు. "అన్నా" అని ఒక్కసారి అరిచాడు. నెడ్ వాడి వైపు తిరిగాడు. నేనే నెడ్ మెడ పట్టి నీళ్ల కిందికి లాగాను. ఆ పాపం నాదే. మళ్లీ అయినా అదే చేస్తాను.

వేరే ఓడ మా ఇద్దర్నీ నీళ్లలోంచి పైకి తీసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇద్దరం హన్నా ముందు నిలబడ్డాం.

"ఆల్బీ బెల్టు కట్టుకునే ఉన్నాడా?"

నెడ్ నావైపు చూడలేదు. "లేదమ్మా. విప్పేశాడు."

"వెధవ. చెబితే వినడే" అని ఆమె బావురుమంది. చాలాసేపటికి లేచి, నెడ్ కాలిన చెంప నిమిరింది. "నువ్వు నా మాట విన్నావు. బతికావు."

నెడ్ ఆ చెయ్యి కింద కదల్లేదు.