బాపు పలకని నెల

మా తమ్ముడికి ఇరవై ఒక్కటి. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చదువు మానేశాడు. ఎందుకని అడిగితే, బాపు నౌకరి ఉన్నది గద అన్నాడు. గోదావరిఖనిలో ఈ మాటకు ఎవరూ ఆశ్చర్యపోరు. గనిలో పనిచేసే తండ్రి ఇక డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. రిటైరైతే రాదు. అందుకని మా కాలనీలో రిటైర్మెంటు దగ్గరపడ్డ తండ్రుల ఆరోగ్యం గురించి ఇంటింటా ఒక వింత బెంగ, ఎక్కడ బాగుంటుందోనని.

నేను బడిలో టీచర్ని. దారి తప్పబోయే పిల్లల్ని ముందే గుర్తుపట్టడం గురించి మాకు ఒక రోజు శిక్షణ ఇచ్చి, చేతిలో ఒక కాగితం పెట్టారు. చదువు మానడం, కొత్త స్నేహాలు, ఇంట్లో కొట్లాటలు, ఎర్రబడ్డ కళ్లు. అన్నీ తమ్ముడికి సరిపోయాయి. తండ్రి అన్‌ఫిట్ అయ్యేదాకా ఖాళీగా కూచోవడం మాత్రం అందులో లేదు. రాసినవాళ్లు మా వైపు వాళ్లు కారు మరి. ఊళ్లో పిల్లలకు నీతులు చెప్పే నా నోరు ఇంట్లో పెగల్లేదు. తమ్ముడు పన్నెండింటికి లేచి, బండేసుకుని ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి గుట్టల వైపు పోయేవాడు. వాడి చొక్కాలు ఉతికేటప్పుడు గంజాయి వాసన తగిలేది. మా అమ్మకు, అవ్వ అంటాం మేము, చెబితే, నౌకరొస్తే వాడే బాగైతడు, ఫికర్ చెయ్యకు అనేది.

బాపుకు మోకాళ్లు అరిగిపోయాయి, డ్రిల్లు మోతకు ఎడమ చెవి మొద్దుబారింది. కుడిది మాత్రం పాము చెవి. మెడికల్ బోర్డు నుంచి పిలుపు రాగానే మా ఇంటికి సలహాలు మొదలయ్యాయి. డాక్టరు వెనక నిలబడి పిలుస్తాడని, పలకడం కాదు, మెడ కూడా తిప్పకూడదని ఒక పాత కార్మికుడు చెప్పిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రాక్టీసు. తమ్ముడు వెనక నుంచి ‘బాపూ’ అంటాడు. బాపు అన్నం తింటూనే ఉండాలి. మొదట్లో తిరిగి చూసి నాలుక కరుచుకునేవాడు. మేము నవ్వేవాళ్లం. అవును, నేనూ నవ్వాను. నెల తిరిగేసరికి, కొడుకు పిలిస్తే కదలకుండా కూచోవడం బాపుకు వచ్చేసింది.

బోర్డుకు నాలుగు రోజుల ముందు, ఆదివారం పొద్దున, తమ్ముడు బయటి నుంచి వచ్చాడు. బాపు గడపకు వీపు పెట్టి చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. వాడు ‘బాపూ’ అన్నాడు. బాపు కదల్లేదు. మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతు వణికింది. వంటింట్లోంచి విన్న నేను, ప్రాక్టీసు జోరుగానే సాగుతోందనుకున్నాను. పొయ్యి తగ్గించి వచ్చేసరికి వాడు లేడు. మధ్యాహ్నానికి తెలిసింది, వాడితో తిరిగే ఇద్దరిని గంజాయితో పోలీసులు పట్టుకుపోయారని. తమ్ముడి ఫోను స్విచాఫ్.

ఆ రోజు మేము వెతకని చోటు లేదు. బాపు మోకాళ్లు పట్టుకుని మట్టి గుట్టలెక్కాడు. అవతల క్వారీలో నిలిచిన నీళ్లు కనిపించాయి. అప్పుడు నా మనసులోకి ఏం వచ్చిందో ఇప్పటికీ రాయలేను. మర్నాడు పొద్దెక్కాక కమాన్‌పూర్ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది, తన దగ్గర పడుకుని ఉన్నాడని. ఇంటికి వచ్చాడు గానీ నోరు విప్పలేదు. మేమూ అడగలేదు. ముందు బోర్డు కానియ్యమంది అవ్వ.

బోర్డు రోజు బాపు వెంట నేనూ దవాఖానకు పోయాను. లోపలికి పోయిన బాపు కాసేపటికి బయటికి వచ్చి ‘ఫిట్’ అన్నాడు. ఇంట్లో అవ్వ చావు కబురు విన్నట్టు ఏడ్చింది. తమ్ముడు కంచం విసిరికొట్టి, ఎందుకు పలికావని అరిచాడు.

బాపు గోడ పట్టుకుని మెల్లగా వాడి ముందు కింద కూచున్నాడు.

‘పలకద్దనే పోయిన బిడ్డా. సారు ఎనుక నుంచి పిల్వంగనే, ఐతారం నువ్వు పిల్చింది యాదికచ్చింది. ఆఁ అని పలికిన.’

బాపే మళ్లీ అడిగాడు.

‘ఆ పొద్దు ఏం చెప్పనీకచ్చినవ్? ఇప్పుడు చెప్పు.’

తమ్ముడు విసిరిన కంచం తీసి పక్కన పెట్టాడు.

‘మానుదామంటె నాతోని అయితలేదు బాపూ. నన్ను ఏడనన్న చూపియ్యి.’

మర్నాడు బాపు డ్యూటీకి నాగా పెట్టి వాడిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఏడు నెలలైంది. మందులు వాడుతున్నాడు, మధ్యలో ఒకసారి మళ్లీ జారాడు. బాపు అవే మోకాళ్లతో గనిలోకి దిగుతున్నాడు. ఇప్పుడు నాకు ఇద్దరి గురించీ భయమే. తమ్ముడు వాకిట్లోంచి ఎవరిని పిలిచినా, ఇంట్లో ముగ్గురం ఒకేసారి పలుకుతాం.