చింతపండుతో తోమిన నాణెం

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మీకు తోచినంత తగ్గించుకుని చదవండి.

నాకు పాత నాణేల పిచ్చి. నిరుడు మైపాడు బీచిలో, పాత సామాన్ల బండి మస్తానయ్య ఒక రాగి నాణెం చూపించాడు. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సిగ్గుపడేలా మెరుస్తోంది.

"నిన్ననే వలలో పడిందన్నా! రెండొందలేళ్లు సముద్రంలో ఉండిన సరుకు."

సగం జీతం పోసి కొన్నాను.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే ఏముంది. అన్నీ సన్నటి గీతలే. అక్షరాల సందుల్లో కూడా నలుపు లేదు. ఉప్పునీళ్లలో పడున్న రాగి పచ్చబడాలి గానీ పెళ్లికూతురిలా మెరుస్తుందా? చింతపండుతో తోమేశాడు! తోమితే నాణెం విలువ పోయినట్టే, సేకరించేవాడెవడూ ముట్టుకోడు. బండి దగ్గరికెళ్లి వెనక్కి తీసుకోమంటే మస్తానయ్య నలుగురిలో నవ్వాడు.

"చూసుకొని కొన్నది నువ్వు. నన్నడిగితే ఎట్టన్నా?"

ఆ నవ్వు నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆదివారం అతను ఇంకో ఆసామికి నాణెం అంటగడుతుండగా, నలభైమంది ఆడవాళ్లు బిందెలు, చెంబులతో బండిని చుట్టుముట్టారు.

"ఈ అన్న నాణేన్ని అద్దంలా తోమినావంట గదా! మా బిందె గూడా రుద్దియ్యి మస్తానన్నా!"

ఆసామి చేతిలో నాణెం అక్కడే పెట్టి జారుకున్నాడు. మస్తానయ్య నా డబ్బు నా జేబులో కుక్కి దండం పెట్టాడు. నాకింకా కసి తీరలేదు. "ముందు ఈ చెంబు తోము" అన్నాను.

ఇందులో కల్పితమేదో చెప్పాలిగా. ఆడవాళ్లు అక్షరాలా నలభైమందే. భూతద్దమే అబద్ధం. నేను నాణేన్ని దేవుడి గూట్లో పెట్టి మురుస్తుంటే, మా ఆవిడ చూసి, "పండక్కి నేను తోమిన చెంబులానే ఉందే ఇది" అంది. ఆ నలభైమందిని పోగేసిందీ ఆవిడే.